వడ్డీ వద్దనుకున్నప్పుడు బిల్లు ఎవరి పేరున? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి ఉత్తరాల్లో సగం వడ్డీ లేని పెట్టుబడి గురించి, సగం క్యూఆర్ కోడ్ గురించి. రెండూ చివరికి బిల్లు దగ్గరే తేలతాయి కాబట్టి కలిపే ఇస్తున్నాం.

ప్రశ్న: నాది బేకరీ, జీఎస్టీ రెగ్యులర్‌లో ఉన్నాను. రెండు డిస్‌ప్లే ఫ్రీజర్లు కావాలి. ఖరీదు 2 లక్షలు, పన్ను అదనం. మేం వడ్డీ ఇవ్వం, తీసుకోం. మా బావకి ఎలక్ట్రికల్ షాపుంది, ఆయనకీ జీఎస్టీ ఉంది. తను కొని, 24,000 లాభం వేసుకుని, 12 వాయిదాల్లో నాకు అమ్ముతానన్నాడు. బిల్లు మాత్రం డీలరు దగ్గర నేరుగా నా పేరున రాయించుకుంటే పని తేలిక కదా?
– ఒంగోలు

జవాబు: తేలికే, కానీ అలా చేస్తే అది మురాబహా (అప్పుకి వడ్డీ బదులు, సరుకు కొని లాభం చెప్పి అమ్మే ఇస్లామిక్ పద్ధతి) అవ్వదు. బిల్లు మీ పేరున, డబ్బు మీ బావది అయితే ఆయన మీకు అప్పిచ్చినట్టు. ఆ 24,000 షరియత్ లెక్కలోనూ, ఆదాయపు పన్ను లెక్కలోనూ వడ్డీయే. మురాబహాలో అమ్మేవాడు ముందు సరుకుకి యజమాని కావాలి. పాడైతే ఆ నష్టం కాసేపైనా ఆయన మీద ఉండాలి. కొన్న ధర ఎంతో, లాభం ఎంతో కొనేవాడికి చెప్పాలి. మన బ్యాంకులు ఈ పద్ధతిలో అప్పు ఇవ్వలేకపోవడానికీ కారణం ఇదే. బ్యాంకులు సరుకు కొని అమ్మే వ్యాపారం చేయకూడదని బ్యాంకింగ్ రెగ్యులేషన్ చట్టం, 1949లో 8వ సెక్షన్ చెబుతుంది. మీ బావ వ్యాపారి, ఆయనకి ఆ అడ్డు లేదు.

వరస ఇలా ఉండాలి. మీరు కొంటానని ఆయనకి ఒక కాగితం రాసిస్తారు. అది మాట ఇవ్వడం మాత్రమే, అమ్మకం కాదు. డీలరు మీ బావ పేరున 2,00,000, జీఎస్టీ 36,000 కలిపి 2,36,000కి బిల్లు వేస్తాడు. సరుకు నేరుగా బేకరీకే రావాలంటే ఈ-వే బిల్లులో (సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసే పత్రం) ‘బిల్ టు’ దగ్గర బావ వివరాలు, ‘షిప్ టు’ దగ్గర మీ చిరునామా పెట్టించండి. ఫ్రీజర్లు దిగాక బావ వచ్చి చూసుకుని, ఆన్ చేయించి, తీసుకున్నట్టు సంతకం పెట్టాలి. ఆ తర్వాతే మీ పేరున ఆయన అమ్మకం బిల్లు: 2,24,000, జీఎస్టీ 40,320, మొత్తం 2,64,320. బిల్లు కింద కొన్న ధర, లాభం విడిగా రాయించండి. ఈ బిల్లు తేదీ డీలరు బిల్లు కంటే ముందుంటే కథ అడ్డం తిరుగుతుంది. మా దగ్గరికి వచ్చే కాగితాల్లో ఎక్కువగా కనిపించే తప్పు అదే. వారంటీ కార్డులో మీ పేరు కూడా రాయమని డీలరుని అడగండి, లేకపోతే రిపేరుకి ప్రతిసారీ బావే ఫోన్ చేయాల్సి వస్తుంది.

పన్ను రెండుసార్లు పడుతుందని భయపడక్కర్లేదు. బావకి 36,000 క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నుని, తను కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకునే వీలు) వస్తుంది, 4,320 మాత్రం చేతినుంచి కడతాడు. మీకు 40,320 క్రెడిట్ వస్తుంది. కాకపోతే వాయిదాలు ఎన్ని ఉన్నా బావ మొత్తం పన్నుని బిల్లు వేసిన నెల లెక్కలోనే చూపాలి. అందుకని జీఎస్టీ భాగం 40,320 మొదటిరోజే ఆయనకి ఇచ్చేయండి.

ఇక అసలు మెలిక. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో అమ్మినవాడికి డబ్బు చెల్లించకపోతే, బాకీ ఉన్న మేరకు మీరు తీసుకున్న క్రెడిట్ వెనక్కి ఇవ్వాలి, వాడేసి ఉంటే 18 శాతం వడ్డీతో. నెలకి 18,700 చొప్పున, చివరిది 18,300గా 12 వాయిదాలు పెట్టుకున్నారనుకుందాం. ఆరు వాయిదాలు కట్టేసరికి ఇంకా 1,11,800 బాకీ ఉంటుంది. దానికి తగ్గ క్రెడిట్ దాదాపు 17,050 రూపాయలు. బాకీ తీర్చాక మళ్లీ తీసుకోవచ్చు గానీ, వడ్డీ వద్దని ఇంత చేసి ప్రభుత్వానికి వడ్డీ కట్టడం ఎందుకు? ఆరు వాయిదాలు చేసుకోండి: 37,500 చొప్పున ఐదు, చివరిది 36,500. మొదటిది బిల్లు రోజే కట్టండి. ఆరు నెలలంటే 181 నుంచి 184 రోజులవుతాయి కాబట్టి, నెల ఆగి మొదలుపెడితే చివరి వాయిదా గడువు దాటుతుంది.

వాయిదా ఆలస్యమైందని ధర పెంచకూడదు. ఆలస్య రుసుము పెట్టుకుంటే అది బావ జేబులోకి కాదు, దానానికి పోవాలి. అయినా జీఎస్టీ చట్టం దాన్ని సరుకు ధరలో భాగంగానే చూస్తుంది, దానిమీదా 18 శాతం పడుతుంది. అసలు ఆ షరతు రాయకపోవడమే మంచిది.

బావకి జీఎస్టీ లేని ఇళ్లలో ఈ పద్ధతి నష్టం. డీలరు దగ్గర కట్టిన 36,000 క్రెడిట్ అక్కడే ఆగిపోతుంది. అలాంటప్పుడు లాభం మాట వదిలేసి ఖర్జ్-ఎ-హసన్‌గా, అంటే ఎంత ఇచ్చారో అంతే తిరిగి తీసుకునేలా, బ్యాంకు ద్వారా డబ్బు పంపమనండి. బిల్లు మీ పేరున వస్తుంది, క్రెడిట్ మీకే దక్కుతుంది. రొక్కంగా మాత్రం వద్దు. 20,000 అంతకంటే ఎక్కువ అప్పు రొక్కంగా తీసుకుంటే అంత మొత్తమూ జరిమానా పడే ప్రమాదం ఉంది.

ప్రశ్న: చిన్నబజారులో ఫ్యాన్సీ కొట్టు. పోయిన ఆర్థిక సంవత్సరం క్యూఆర్ మీద 36 లక్షలు, రొక్కం 12 లక్షలు వచ్చాయి. జీఎస్టీ నంబరు లేదు. కర్ణాటకలో లాగా మాకూ నోటీసులొస్తాయా? క్యూఆర్ తీసేయమని పక్కకొట్ల వాళ్లు అంటున్నారు.
– నెల్లూరు

జవాబు: క్యూఆర్ తీసేస్తే తగ్గేది బేరం, పన్ను కాదు. 2025 జులైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ వసూళ్లు చూసి చిరువ్యాపారులకి నోటీసులిచ్చిన మాట నిజమే. అయితే జీఎస్టీ నంబరు తీసుకోవాల్సిన పరిమితి యూపీఐ వసూలుకి కాదు, రొక్కంతో కలిపి మొత్తం అమ్మకానికి. ఆంధ్రప్రదేశ్‌లో సరుకు మాత్రమే అమ్మేవాళ్లకి అది ఏడాదికి 40 లక్షలు, సేవలకి 20 లక్షలు. గాజు గాజులకి పన్ను లేదు కదా అని ఆ అమ్మకం తీసేసి లెక్కేయకండి, పరిమితి చూసేటప్పుడు అదీ కలుస్తుంది. పన్ను పడని సరుకు తప్ప ఇంకేదీ అమ్మని వాళ్లకే, అంటే కూరగాయల కొట్ల లాంటి వాటికే, నంబరు అక్కర్లేదు.

మీ మొత్తం అమ్మకం 48 లక్షలు. 40 దాటిన రోజు నుంచి 30 రోజుల్లో దరఖాస్తు చేసి ఉండాల్సింది. ఇప్పుడైనా ఆలస్యం చేయకండి. దాటిన రోజు నుంచి ఈరోజు దాకా పన్ను పడే సరుకు ఎంత అమ్మారో తీసి, పన్నూ వడ్డీ నోటీసు రాకముందే మీకై మీరు కట్టేస్తే పెనాల్టీ తప్పుతుంది. ఈ పాత కాలానికి కాంపోజిషన్ (చిన్న వ్యాపారులు అమ్మకం మీద కొద్ది శాతమే పన్ను కట్టే పథకం) వర్తించదు, కాబట్టి ఆడిటరు దగ్గర కూర్చుని చేయించండి.

ఇకమీదట కాంపోజిషన్ మీలాంటి కొట్టుకి సరిపోతుంది. కోటిన్నర దాకా అవకాశం ఉంది. వ్యాపారికి పన్ను పడే అమ్మకం మీద 1 శాతం. మూడు నెలలకి 12 లక్షల అమ్మకం ఉంటే, అందులో గాజులు 2 లక్షలు పోను, 10,000 రూపాయలు. పన్ను కట్టే ఫారం సీఎంపీ-08 మూడు నెలలకోసారి, ఆపై నెల 18లోగా. రిటర్ను జీఎస్టీఆర్-4 ఏడాదికోసారి, జూన్ 30లోగా. కొనేవాళ్ల దగ్గర పన్ను విడిగా వసూలు చేయకూడదు, బయటి రాష్ట్రానికి అమ్మకూడదు. చెన్నై నుంచి కొని తెచ్చుకోవడానికి మాత్రం అడ్డు లేదు.

దరఖాస్తు ఎక్కువగా ఆగేది కొట్టు కాగితాల దగ్గర. కరెంటు బిల్లు ఇంటి యజమాని పేరున ఉంటే అద్దె ఒప్పందం జత చేయాలి. పాన్‌లో, ఆధార్‌లో ఇంటిపేరు ఒకేలా ఉందో లేదో ముందే చూసుకోండి.

ఆదాయపు పన్ను వైపు క్యూఆర్ మీకు లాభమే. లెక్కల పుస్తకాలు లేకుండా అంచనా లాభం చూపే పద్ధతిలో డిజిటల్ వసూలు మీద 6 శాతం, రొక్కం మీద 8 శాతం. 36 లక్షలకి 2,16,000, 12 లక్షలకి 96,000, మొత్తం 3,12,000 లాభం చూపాలి. నిజంగా వచ్చింది ఇంతకన్నా ఎక్కువైతే అదే చూపాలి. ఇంకొకటి: కొట్టు క్యూఆర్ కరెంటు ఖాతాకి పెట్టి, ఇంటి డబ్బు వేరే ఖాతాకి వచ్చేలా చూసుకోండి. బెంగళూరులో ఉన్న అబ్బాయి పంపే డబ్బు అమ్మకం కాదు, కానీ రెండూ ఒకే ఖాతాలో కలిసిపోయాక ఆ సంగతి నిరూపించాల్సింది మీరే.

ప్రశ్న: చేతిపద్దు మానేసి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టాం. థర్మల్ ప్రింటరు బిల్లులు ఆరు నెలలకే తెల్లబోతున్నాయి.
– కందుకూరు

జవాబు: ఆ కాగితం ఎండకి, వేడికి అంతే. మీ అమ్మకం బిల్లులు సాఫ్ట్‌వేర్‌లో ఉంటాయి, బ్యాకప్ ఉంటే చాలు. మీరు కొన్న సరుకుకి వచ్చిన థర్మల్ బిల్లులే ముఖ్యం, వాటిని వచ్చిన రోజే ఫొటో తీసి నెలవారీగా దాచండి. జీఎస్టీ లెక్కలు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. బ్యాకప్ అదే కంప్యూటర్‌లో ఇంకో ఫోల్డర్‌లో పెట్టడం బ్యాకప్ కాదు. పెన్‌డ్రైవ్‌లో వేసి సాయంత్రం ఇంటికి తీసుకెళ్లండి. బిల్లు నంబరు 16 అక్షరాలు దాటకూడదు, ఏప్రిల్ 1న కొత్త వరస మొదలుపెట్టండి.

ప్రశ్న: మాది గ్రానైట్ పాలిషింగ్ యూనిట్. స్నేహితుడు 10 లక్షలు పెడతానన్నాడు. వడ్డీ కాదు, లాభంలో వాటా అంటున్నాడు. కానీ నెలకి 20,000 తగ్గకూడదట.
– చీమకుర్తి

జవాబు: తగ్గకూడదు అన్నాక అది నూటికి రెండు రూపాయల వడ్డీయే. ముషారకా (ఇస్లామిక్ పద్ధతిలో కలిసి పెట్టుబడి పెట్టడం) అంటే లాభం మాట్లాడుకున్న నిష్పత్తిలో, నష్టం పెట్టుబడి నిష్పత్తిలో. ఇది నోటిమాటగా వదిలేస్తే చిక్కు, ఎందుకంటే భాగస్వామ్య చట్టం, 1932 ప్రకారం ఒప్పందంలో ఏమీ రాయకపోతే లాభనష్టాలు సమానం. మీరు 30 లక్షలు, ఆయన 10 లక్షలు పెట్టినా నష్టం చెరిసగం అవుతుంది. డీడ్‌లో ‘నష్టం పెట్టుబడి నిష్పత్తిలో’ అని స్పష్టంగా రాయించి, ఫర్మ్‌ని రిజిస్టర్ చేయించండి. రిజిస్టర్ కాని ఫర్మ్ తనకి రావాల్సిన బాకీ కోసం కోర్టుకి వెళ్లలేదు. ఫర్మ్ 30 శాతం పన్ను కట్టాక పంచిన లాభానికి ఆయన దగ్గర మళ్లీ పన్ను లేదు. జీతంగా ఏడాదికి 20,000 దాటి ఇస్తే మాత్రం 10 శాతం టీడీఎస్ ఉంది.

మీ రంగంలో లాభం లెక్క తప్పడానికి ఇప్పుడు కొత్త కారణం ఒకటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి గ్రానైట్ బ్లాకుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, పాలిష్ పలకల మీద 18 అలాగే ఉంది. 10 లక్షల బ్లాకులు కొంటే ఇదివరకు 1,20,000 క్రెడిట్ వచ్చేది, ఇప్పుడు 50,000. వాటి పలకలు 18 లక్షలకి అమ్మితే పన్ను 3,24,000. అంటే బ్లేడ్లు, రాపిడి సామాను మీది క్రెడిట్ పోను మిగతాది చేతినుంచే కట్టాలి. కొన్నప్పుడు తక్కువ కట్టారు కాబట్టి మొత్తం మీద నష్టమేమీ లేదు. కానీ మధ్యలో బ్యాంకు ఖాతాలో డబ్బు నిండుగా కనిపిస్తుంది, దాన్ని లాభమనుకుని పంచేస్తే 20వ తారీఖున నెలవారీ రిటర్ను జీఎస్టీఆర్-3బికి డబ్బుండదు. పంపకం నెల నెలా వద్దు, మూడు నెలలకోసారి పెట్టుకోండి, రిటర్ను వేశాకే.

ప్రశ్న: బట్టల కొట్టు. జకాత్ (ముస్లింలు ఏటా తమ సొమ్ములో రెండున్నర శాతం ఇచ్చే దానం) లెక్క సాఫ్ట్‌వేర్‌లో మార్చి 31 బ్యాలెన్స్ షీటు చూసి ఇవ్వొచ్చా?
– కావలి

జవాబు: ఆ షీటులో సరుకు కొన్న ధరకి ఉంటుంది, జకాత్‌కి ఆరోజు అమ్ముడుపోయే ధర కావాలి. పైగా జకాత్ ఏడాది చాంద్రమానం. రంజాన్ ఏటా 11 రోజుల దాకా ముందుకి జరుగుతుంది. మీ జకాత్ తేదీన స్టాక్ సమ్మరీ తీయండి. అంతకు ముందు కొనుగోలు బిల్లులన్నీ ఎక్కించారో లేదో చూడండి. సూరత్ నుంచి వచ్చిన మూట బిల్లు ఎక్కించకుండా చీరలు అమ్మేస్తే స్టాక్ మైనస్‌లోకి పోయి విలువ అడ్డదిడ్డంగా వస్తుంది. మైనస్ ఐటమ్ ఒక్కటున్నా ఆ రిపోర్టు నమ్మకండి.

ఉదాహరణకి సరుకు 9,00,000, రొక్కం, బ్యాంకు కలిపి 2,10,000, తప్పకుండా వచ్చే అరువు బాకీలు 1,40,000. ఇందులోంచి మీరు ఇవ్వాల్సినవి 3,00,000, వసూలు చేసి ఇంకా కట్టని జీఎస్టీ 50,000 తీసేయండి. మిగిలింది 9,00,000, జకాత్ 22,500. ర్యాకులు, కుట్టుమిషను, కంప్యూటరు లెక్కలోకి రావు. ఇంగ్లీషు తేదీల ఏడాదికే ఇవ్వాలనుకుంటే రెండున్నర బదులు 2.577 శాతం పట్టాలి, అప్పుడు 23,193 అవుతుంది. హోల్‌సేల్ ధర పట్టాలా, చిల్లర ధరా అన్నది మీ ముఫ్తీ సాహెబ్‌ని అడగండి. జకాత్‌ని సాఫ్ట్‌వేర్‌లో ‘ఖర్చులు’ కింద రాయకండి, అది సొంత వాడకం కిందికి, డ్రాయింగ్స్‌లోకి వెళ్లాలి.

ప్రశ్న: నెలకి 3 శాతం ‘హలాల్ లాభం’ గ్యారంటీ అంటూ ఒక యాప్‌లో డబ్బు పెట్టమంటున్నారు.
– ఉదయగిరి

జవాబు: పెట్టకండి. గ్యారంటీ ఉంటే హలాల్ కాదు, అనుమతి లేకుండా జనం దగ్గర డిపాజిట్లు తీసుకోవడం 2019 చట్టం కింద నేరం కూడా. రిజర్వు బ్యాంకు ‘సచేత్’ పోర్టల్‌లో ఆ సంస్థ పేరు వెతకండి, ఫిర్యాదూ అక్కడే చేయవచ్చు.

ప్రశ్న: సేవింగ్స్ ఖాతాలో పడ్డ వడ్డీ మొత్తం పేదలకి ఇచ్చేస్తున్నాం. రిటర్నులో చూపాలా?
– నెల్లూరు

జవాబు: చూపాలి. మీరు వాడుకున్నారా, ఇచ్చేశారా అన్నది చట్టానికి పట్టదు, మీ పేరున పడితే మీ ఆదాయమే. బ్యాంకు పంపిన వివరాలు ఏఐఎస్‌లో (ఆదాయపు పన్ను శాఖ తయారుచేసే మీ వార్షిక సమాచార పత్రం) ముందే ఉంటాయి, వదిలేస్తే తేడా అక్కడే కనిపిస్తుంది. కొట్టు డబ్బు కరెంటు ఖాతాలో ఉంచితే వడ్డీయే పడదు.