మెడ కింద గడ్డలన్నీ గొంతువాపు కాదు

ప్రశ్న: మా రెండేళ్ల ఆడ మేకకు మెడచన్ను (మెడ కింద వేలాడే చర్మపు తిత్తి లాంటి కాడ) మొదట్లో నిమ్మకాయంత మెత్తని గడ్డ ఉంది. పిల్లగా ఉన్నప్పుడు గోళీ అంత ఉండేది. మేత బాగానే తింటోంది. గొంతువాపు అని మందుల డీలర్ చెబితే నాలుగు రోజులు యాంటీబయోటిక్ ఇంజెక్షన్లు వేయించాం. తగ్గలేదు. కోసి చీము తీసేయవచ్చా?

జవాబు: ముందు ఆ బ్లేడు పక్కన పెట్టండి. ఇది గొంతువాపు కానే కాదు. గొంతువాపు సోకిన పశువు తీవ్ర జ్వరంతో, గురక పెడుతూ ఒకటి రెండు రోజుల్లోనే చావుబతుకుల్లో పడుతుంది. పైగా అది ఎక్కువగా గేదెలకు, ఆవులకు వచ్చే జబ్బు.

పిల్లగా ఉన్నప్పటి నుంచీ ఉందని మీరే రాశారు. జవాబు సగం అందులోనే ఉంది. మెడచన్ను మొదట్లో పుట్టుకతో వచ్చే నీటి తిత్తి అయి ఉంటుందని నా అనుమానం. నొప్పి ఉండదు, వేడి ఉండదు, చర్మం కింద అటూ ఇటూ కదులుతుంది. హాని కూడా లేదు. నీరు తీసేస్తే కొద్ది రోజుల్లో మళ్లీ నిండుతుంది. మేకకు ఇబ్బందిగా ఉంటేనే పశువైద్యుడి చేత తిత్తి మొత్తం తీయించాలి. మత్తుమందు మోతాదు మించితే మేక తట్టుకోలేదు, అందుకే ఇది ఇంట్లో చేసే పని కాదు. ధనుర్వాతం టీకా కూడా ముందే వేయించండి.

అయితే చూడకుండా తేల్చి చెప్పను. పశువైద్యుడు శుభ్రమైన సూదితో ఒక చుక్క తీసి చూస్తే చాలు. పలుచని నీరు వస్తే తిత్తి. జిగటగా సాగితే లాలాజల తిత్తి కావచ్చు. చిక్కని, పచ్చటి ఛాయ ఉన్న చీము వస్తే మాత్రం లింఫ్ గ్రంథుల అంటువ్యాధిని అనుమానించాలి. అలాంటి గడ్డను కొట్టంలో కోస్తే ఆ క్రిమి మట్టిలో నెలల తరబడి బతికి మందంతటికీ పాకుతుంది, మనుషులకూ సోకవచ్చు. ఆ మేకను వెంటనే వేరు చేయండి. చేతికి తొడుగులు లేకుండా గడ్డను ముట్టుకోవద్దు. చీము అంటిన దూదిని కాల్చేయండి.

దవడ కింద నీరు దిగి, సాయంత్రానికి పెరిగి తెల్లారేసరికి తగ్గుతుంటే అది వేరే సంగతి. కంటి కింది రెప్ప తిప్పి చూడండి. పాలిపోయి ఉంటే నట్టలు రక్తం పీల్చేస్తున్నట్టు. ఫెన్‌బెండజోల్ కిలో బరువుకు 10 మి.గ్రా. చొప్పున, అంటే 30 కిలోల మేకకు 300 మి.గ్రా., నాలుక వెనుక భాగాన పడేలా తాగించండి. బరువు తూచి ఇవ్వండి, కంటి అంచనాతో తక్కువ ఇస్తే నట్టలు మందుకు లొంగవు. 14 రోజుల తరువాత పేడ పరీక్ష చేయించండి.

ఇక ఆ నాలుగు రోజుల ఇంజెక్షన్ల మాట. నీటి తిత్తికి యాంటీబయోటిక్ ఏం చేస్తుంది? డీలర్‌కు సీసా అమ్ముడుపోయింది, అంతే. జ్వరం కూడా చూడకుండా మందు చెప్పేవాడి మాట ఎందుకు విన్నారు? మేకకు మామూలుగానే 102 నుంచి 103.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది, ఒక థర్మామీటర్ కొట్టంలో ఉంచుకోండి. మేక పాలిస్తుంటే, మందు వేశాక ఎన్ని రోజులు పాలు వాడకూడదని సీసా మీద రాసి ఉందో అన్ని రోజులూ ఆ పాలు ఇంట్లో వాడకండి, అమ్మకండి.