ఆ రిపోర్ట్ బీరువాలోంచి బయటికి తియ్యి, తమ్ముడూ

తమ్ముడూ,

హెచ్‌ఐవీ పాజిటివ్ అని రిపోర్ట్ వచ్చి రెండు నెలలైనా, మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కి వెళ్లలేదని నువ్వు చెప్పాక రాత్రంతా నిద్ర పట్టలేదు.

"ఒంట్లో బాగానే ఉందక్కా" అన్నావు. నేనూ అలాగే అనుకుని ఏడాదిన్నర ఊరుకున్నాను. 2007లో సెంటర్‌కి వెళ్లేసరికి టీబీ కూడా పట్టుకుంది, రోగాలతో పోరాడే సీడీ4 కణాల లెక్క 90కి పడిపోయింది. అప్పట్లో ఆ లెక్క బాగా తగ్గితేనే మందులు మొదలుపెట్టేవారు. 2017 నుంచి అలా కాదు, పాజిటివ్ అని తేలితే చాలు, సీడీ4 ఎంతున్నా ఉచితంగా ఇస్తారు. చాలామందికి రోజుకి ఒక్క మాత్రే.

నీ అసలు భయం వేరే అని నాకు తెలుసు. లైన్లో తెలిసినవాళ్లు కనపడతారేమోనని. దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. కొంగు కప్పుకుని, గోడవైపు తిరిగి కూర్చున్నదాన్ని. ఒకరోజు మా వీధి ఆవిడే ఎదురైంది. నా గుండె ఆగినంత పనైంది. తీరా చూస్తే ఆమె చేతిలోనూ నాలాంటి గ్రీన్ బుక్కే, ఏఆర్‌టీ సెంటర్‌వాళ్లు ఇచ్చే పుస్తకమే ఉంది. ఈరోజుకీ ఇద్దరం కలిసే మందులకి వెళ్తాం.

మీ ఊళ్లో వెళ్లలేకపోతే పక్క జిల్లాలో పేరు రాయించుకో. మనసు కుదుటపడ్డాక దగ్గరికి ట్రాన్స్‌ఫర్ పెట్టించుకోవచ్చు. నిలకడగా వాడుతుంటే రెండు మూడు నెలల మందులు ఒకేసారి ఇస్తారు, అన్నిసార్లు కూలి పోగొట్టుకోనక్కర్లేదు.

నా సంగతి చెప్పగానే ఆపరేషన్ చేయనని పంపేసిన ప్రైవేటు డాక్టర్ని చూశాను. ఆ అవమానం ఇంకా మర్చిపోలేదు. 2018 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం హెచ్‌ఐవీ ఉందని వైద్యం నిరాకరించడం తప్పు. నీ అనుమతి లేకుండా నీ సంగతి ఊళ్లోవాళ్లకి చెప్పడమూ తప్పే. పసరు మందుతో నయం చేస్తామనేవాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లకు, దయచేసి.

మరదలికి ఎలా చెప్పాలా అన్న టెన్షన్ ఉంటుంది. కౌన్సెలర్ దగ్గర కూర్చుని ఇద్దరూ మాట్లాడుకోండి, ఆమెకీ పరీక్ష చేయించాలి. నీలో వైరస్ పూర్తిగా అదుపులోకి వచ్చేదాకా కండోమ్ తప్పనిసరి. మందులు సరిగ్గా వాడి, వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనపడనంత తగ్గి, అలాగే నిలబడితే కాపురం వల్ల ఆమెకి అంటదు.

రాత్రిళ్లు బెంగగా ఉంటే హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చెయ్యి, డబ్బులు పడవు. సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి బస్టాండ్‌లో ఉంటాను. రిపోర్ట్, ఆధార్ కార్డు తెచ్చుకో. ఏమైనా తిని రా, అక్కడ ఆలస్యమవుతుంది.

మీ అక్క