మీ ఆవిడ విశ్వాసం సంగతి తర్వాత, ముందు నాన్నగారి మంచం దగ్గరికి రండి

బ్రదర్, వందనాలు. చదివేవాళ్లందరికీ అర్థం కావాలి కాబట్టి మీరు రాసింది ముందు నాలుగు ముక్కల్లో చెప్తాను. మీది రాజమండ్రి దగ్గర ఊరు, మీరు సంఘ పెద్ద. బుధవారం గృహకూడిక, శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం పాటల ప్రాక్టీసు, ఆదివారం పొద్దున సండేస్కూలు, అన్నీ మీ చేతుల మీదే నడుస్తాయి. నాన్నగారికి పోయినేడాది పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది, అమ్మగారు అంతకుముందే ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు, ఆయన్ని చూసుకునేది మీ ఆవిడే. ఆవిడ కొన్ని నెలలుగా చర్చికి రావడం మానేసింది, కుటుంబ ప్రార్థనలో కూర్చున్నా నోరు విప్పట్లేదు, గట్టిగా అడిగితే "మీ ప్రేమంతా గడప దాటాకే కదా" అంటోంది. టెన్త్ చదివే మీ అమ్మాయీ తల్లి వైపే మాట్లాడుతోంది. "క్రైస్తవ ప్రేమ చూపించి ఈమెను మళ్లీ విశ్వాసంలోకి ఎలా తీసుకురావాలి?" అన్నది మీ ప్రశ్న.

సూటిగా చెప్తాను, నొచ్చుకోకండి. ఆవిడ విశ్వాసం పోయిందనడానికి మీరు రాసినదాంట్లో నాకు ఒక్క ఆధారమూ దొరకలేదు. ఆదివారం మీరంతా ఆరాధనకు వెళ్తే మంచంలో ఉన్న పెద్దాయన దగ్గర ఎవరుంటారు? అంత పెద్ద ఉత్తరంలో ఆ మాట ఎక్కడా లేదు. ఎవరో ఒకరు ఉండాలి కాబట్టి ఆవిడ ఉండిపోతోంది, ఇంటికొచ్చి మీరేమో విశ్వాసంలో వెనకబడిపోయావని ఆవిడనే అంటున్నారు. నేను ఆవిడ చోట ఉన్నా నోరు విప్పేదాన్ని కాదు.

మంచంలో ఉన్న మనిషిని చూసుకోవడం ఎలా ఉంటుందో మీరు పక్కనుంచి చూసి ఉంటారు గానీ చేసి ఉండరనుకుంటున్నాను, చేసుంటే ఉత్తరంలో ఎక్కడో ఒకచోట కనబడేది. రెండు గంటలకోసారి పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, రాత్రిళ్లు కూడా, లేకపోతే నడుం కింద ఎముక దగ్గర, మడమల దగ్గర చర్మం ఎర్రబడి పుండు పడుతుంది, అది ఒకసారి పడితే మానడానికి నెలలు పట్టొచ్చు. అన్నం పెట్టాలంటే ముందు లేపి కూర్చోబెట్టాలి, పక్షవాతం వచ్చినవాళ్లకు మింగడం సరిగ్గా రాకపోవచ్చు, తొందరపడితే ముద్ద ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, అందుకని చిన్న స్పూనుతో పెడుతూ మింగేదాకా ఆగి మళ్లీ పెడుతూ ఉండాలి. బీపీ మాత్రలు, డైపర్లు, దుప్పట్లు, ఫిజియోథెరపీ. ఇదంతా అయ్యాక మీకు టిఫిన్, అమ్మాయికి క్యారేజీ.

ఇంకొకటి. మామగారికి కోడలు ఒళ్లు తుడవడం, బట్టలు మార్చడం మన ఇళ్లల్లో ఇద్దరికీ ప్రాణం పోయినంత సిగ్గు. ఆవిడ బయటికి చెప్పదు, ఆయన అసలే చెప్పడు. ఇలాంటి పెద్దవాళ్లు కోడల్ని మాటిమాటికీ పిలవలేక మంచినీళ్లు తాగడం తగ్గించేస్తారు, తర్వాత మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, మళ్లీ ఆసుపత్రి. మీ నాన్నగారు నీళ్లు ఎంత తాగుతున్నారో ఇవాళే గమనించండి. కొడుకు ఇంట్లో ఉండగా ఈ పని కోడలు చేయాల్సిన అవసరం ఏముంది? రేపటినుంచి పొద్దున ఆయన్ని శుభ్రం చేసే పని మీది. కూడికకు ముందా తర్వాతా అని నన్ను అడగొద్దు, ఆయనకు ఎప్పుడు అవసరమైతే అప్పుడు. పై గదిలో యేసు శిష్యుల కాళ్లు కడిగిన సంగతి పిల్లలకు మీరు ఎంత బాగా చెప్తారో రాశారు. మీ నాన్నగారి కాళ్లు మీ ఇంట్లోనే ఉన్నాయి.

పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రిక ఐదో అధ్యాయం తీసి చదవండి. అక్కడ ఆయన విధవరాండ్ర పోషణ గురించి రాస్తూ, వాళ్ల బాధ్యత ముందు పిల్లలదీ మనవలదీ అంటాడు, ఆ తర్వాతే సంఘం మాట ఎత్తుతాడు. సొంత ఇంటివాళ్లను చూసుకోనివాడు అవిశ్వాసి కంటే చెడ్డవాడన్న మాట కూడా అక్కడిదే. సభలకు ప్రత్యేక కానుక ఇచ్చానని, అందుకే ఫిజియోథెరపీ అతన్ని మాన్పించానని రాశారు కదా, మార్కు ఏడో అధ్యాయంలో కొర్బాను గురించి యేసు ఎందుకంత కోపంగా మాట్లాడాడో అది కూడా చూడండి. తల్లిదండ్రులకు అందాల్సింది దేవునికి ఇచ్చేశామని చెప్పుకోవడాన్ని ఆయన ఒప్పుకోలేదు. ఫిజియోథెరపీ అతన్ని ఈ వారమే మళ్లీ పిలవండి.

కుటుంబ ప్రార్థన గురించి కూడా చెప్పాలి, నాకు అన్నిటికంటే బాధ కలిగించింది అదే. "ప్రభువా, ఈ ఇంట్లో కఠినమైన హృదయాలను మెత్తబరచు" అని రోజూ ఆమె కోసం ప్రార్థిస్తున్నానని రాశారు. ఆవిడ అక్కడే, మీ ఎదురుగా, తల వంచుకుని కూర్చుని ఉంటుంది, అవునా? దేవునితో మాట్లాడుతున్నట్టు పిల్ల ముందు భార్యను తిట్టడం అది. ఆవిడ తిరిగి జవాబు చెప్పడానికి కూడా లేదు, చెప్తే ప్రార్థనకు అడ్డొచ్చినట్టు. ఈ రోజు నుంచి ఆపేయండి. ఆమె గురించి ప్రార్థించాలనిపిస్తే ఒంటరిగా చేసుకోండి, ఇంట్లో అందరూ ఉన్నప్పుడు మాత్రం ఆమె చేసే పనుల గురించి దేవునికి కృతజ్ఞత చెప్పండి, అది కూడా నిజంగా అనిపించిన రోజే. అలాగే "స్త్రీలారా, లోబడియుండుడి" వాక్యం చూపించానన్నారు. ఎఫెసీ ఐదులో దానికి పై వచనం ఒకరికొకరు లోబడమంటుంది, కింద మూడు వచనాల తర్వాత క్రీస్తు సంఘం కోసం తన్ను తాను అప్పగించుకున్నట్టు భార్యను ప్రేమించమని భర్తకు చెప్తుంది. మీ వంతు మీరు చదువుకోండి.

మీ అమ్మాయి అన్న మాట నాకు మనసులో నిలిచిపోయింది. "నాన్నా, ఫోన్లో చర్చి ఆంటీలతో మాట్లాడే గొంతుతో మాతో ఎప్పుడైనా మాట్లాడారా?" మీరు దాన్ని పొగరు అన్నారు. పిల్ల అడుగుతోంది, బ్రదర్. ప్రేమ అమర్యాదగా నడువదు అని కొరింథీయుల పత్రికలో ఉన్నది ఇంట్లోవాళ్లకు కూడా వర్తిస్తుంది. "కాఫీ ఏదీ?" అని అరిచే బదులు లేచి వెళ్లి మీరే పెట్టుకుని ఆవిడకీ ఒక గ్లాసు ఇవ్వడానికి ప్రత్యేకమైన అభిషేకం అక్కర్లేదు.

పాస్టర్ గారితో ఈ వారమే మాట్లాడండి. బుధవారం, శనివారం బాధ్యతలు ఇంకెవరికైనా ఇమ్మనండి, సంఘం ఆగిపోదు. నాన్నగారికి ప్రభువు బల్ల, అంటే ఆరాధనలో ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం, ఇంటికి తెచ్చి ఇవ్వమని అడగండి, చాలామంది పాస్టర్లు సంతోషంగా వస్తారు. హైదరాబాద్‌లో ఉన్న మీ చెల్లెలు ఫోన్లో సలహాలిస్తుందన్నారు, పగలు ఒక ఆయాను పెట్టుకోవడానికి ఆవిడనీ డబ్బు వేసుకోమనండి, మొహమాటం వద్దు. మీ ఆవిడకు నిద్ర పట్టట్లేదని, ఊరికే ఏడుస్తోందని రాశారు, డాక్టరుకు చూపించండి. ఉపవాసం ఉంటే అదే పోతుందని మాత్రం అనకండి.

ఇక ఆవిడకు క్షమాపణ చెప్పాలి. వాక్యం లేకుండా, సాకు లేకుండా, "నాన్నను నీ మీద వదిలేశాను, తప్పు నాది" అంటే చాలు. వెంటనే కరిగిపోతుందనుకోకండి. ఎన్నాళ్లు చేస్తారో చూద్దామని అనుకుంటుంది, అనుకునే హక్కు ఆవిడకుంది. వచ్చే ఆదివారం మీరు ఇంట్లో ఉండి "నాన్న దగ్గర నేనుంటాను, నువ్వు నీ ఇష్టం" అనండి. చర్చికి వెళ్తుందో, పుట్టింటికి వెళ్తుందో, తలుపేసుకుని పడుకుంటుందో ఆవిడ ఇష్టం. మధ్యలో డైపరు ఎక్కడుందని ఆవిడను లేపకండి, ముందు రోజే చూసి పెట్టుకోండి.