సదస్సుకు వెళ్లలేని విద్యార్థి హ్యాష్‌ట్యాగ్ నుంచి ఏం నేర్చుకోగలరు?

ప్రశ్న: నేను అమెరికాలో కంప్యూటర్ సైన్స్‌లో ఎంఎస్ చదువుతూ, మా విశ్వవిద్యాలయ వెబ్ విభాగంలో విద్యార్థి ఉద్యోగిగా పార్ట్‌టైమ్ పనిచేస్తున్నాను. మా విభాగంలోని సీనియర్లు ఉన్నత విద్యా వెబ్ నిపుణుల సదస్సులకు వెళ్తుంటారు. విద్యార్థి ఉద్యోగులకు ఆ అవకాశం లేదు. సదస్సు జరిగే రోజుల్లో హ్యాష్‌ట్యాగ్ కింద వచ్చే పోస్టులన్నీ చదువుతున్నాను కానీ, వారం తిరిగేసరికి వాటిలో ఏదీ గుర్తుండడం లేదు. ఇలా నిజంగా నేర్చుకోవచ్చా? దీన్ని రెజ్యూమేలో చూపించుకోవచ్చా? సొంత డబ్బు పెట్టుకొని వెళ్లడం మంచిదా?

సమాధానం: నేర్చుకోవచ్చు. అయితే పోస్టులన్నీ చదవాలన్న పట్టుదలను ముందు వదులుకోవాలి. సదస్సులో కూర్చున్నవారు ముప్పావు గంట ప్రసంగంలో తమకు నచ్చిన ఒక వాక్యాన్ని, తమ సహోద్యోగులకు అర్థమయ్యే పొడి మాటల్లో, తరువాతి స్లైడ్ వచ్చేలోపు రాసి పెడతారు. ఆ వాక్యానికి ముందు చెప్పిన సమస్య, వక్త పనిచేసే సంస్థ పరిమాణం, అక్కడి బృందంలో ఎంతమంది ఉన్నారన్న వివరం, ఆ పద్ధతి ఎక్కడ పనికిరాలేదన్న హెచ్చరిక, ఇవేవీ పోస్టులో ఉండవు. కాబట్టి దాన్ని పాఠంగా చదివితే ఏమీ నిలవదు. ఫలానా చోట ఫలానా పాఠం ఉందని చెప్పే ఆచూకీగా చదివితే మాత్రం చాలా దొరుకుతుంది.

ఈ రంగానికి ఉన్న ఒక సౌలభ్యం మీకు బాగా కలిసివస్తుంది. అమెరికాలో హైఎడ్‌వెబ్ సంఘం జరిపే వార్షిక సదస్సు గానీ, బ్రిటన్‌లో 1997లో మొదలైన ఐడబ్ల్యుఎండబ్ల్యు (విద్యాసంస్థల వెబ్ నిర్వహణ వర్క్‌షాప్) గానీ, విశ్వవిద్యాలయ వెబ్‌సైట్లను నడిపేవారు తమ పనిని ఒకరికొకరు చూపించుకునేందుకు పెట్టుకున్నవి. వాణిజ్య సంస్థల్లో రహస్యంగా దాచుకునే సంగతులను, అంటే సైట్ పునర్నిర్మాణం ఎందుకు ఆలస్యమైంది, సైట్ పేజీలను రాసి నిర్వహించే ఏ సాఫ్ట్‌వేర్ (కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్) నుంచి దేనికి మారారు, వేల పాత పేజీలను ఎలా తొలగించారు అన్న వాటిని, వీళ్లు దాదాపు దాపరికం లేకుండా చెప్పుకుంటారు. అందరి కష్టాలూ ఒకటే కావడం దీనికి కారణం. ఎక్స్‌కేసీడీ వెబ్ కామిక్ 2010లో వేసిన ఒక బొమ్మ ఈ రంగంలో తెలియనివారు లేరు: విశ్వవిద్యాలయ హోమ్ పేజీలో ఉండేవి ఒక వలయంలో, జనం వెతుక్కుంటూ వచ్చేవి మరో వలయంలో గీస్తే, రెండింటికీ ఉమ్మడిగా మిగిలింది సంస్థ పూర్తి పేరు ఒక్కటే. ఒకవైపు అధ్యక్షుడి లేఖ, క్యాంపస్ ఫొటోలు; మరోవైపు దరఖాస్తు ఫారాలు, అకడమిక్ క్యాలెండర్, పార్కింగ్ సమాచారం. ఆ బొమ్మ వచ్చి ఏళ్లు గడిచినా సదస్సుల్లో చర్చ ఇప్పటికీ దాని చుట్టూనే తిరుగుతుందంటే అతిశయోక్తి కాదు.

ఇక్కడొక జాగ్రత్త అవసరం. హ్యాష్‌ట్యాగ్ కింద కనిపించేది సభలోని మనోభావమే తప్ప సభలో చెప్పిన విషయం కాకపోవచ్చు. ట్విట్టర్‌లో హ్యాష్‌ట్యాగ్ వాడాలన్న ప్రతిపాదన 2007 ఆగస్టులో వచ్చింది. రెండేళ్లు తిరిగేసరికి, 2009లో మిల్వాకీలో జరిగిన హైఎడ్‌వెబ్ సదస్సులో ఒక కీలకోపన్యాసం నచ్చని శ్రోతలు ప్రసంగం సాగుతుండగానే విమర్శలు, వ్యంగ్యాలు కురిపించారు. ఆ తరువాత ప్రసంగం కన్నా ఆ పోస్టులే పెద్ద చర్చనీయాంశమయ్యాయి. బయట నుంచి వాటిని మాత్రమే చదివినవారికి శ్రోతలకు కోపం వచ్చిందని తెలిసింది గానీ, వక్త ఏ వాదన చేశాడో తెలిసే వీలు తక్కువ. పొగడ్తల విషయంలోనూ అంతే. హాస్యంగా మాట్లాడినవారి సెషన్‌కు పోస్టులు వెల్లువెత్తుతాయి, డేటాబేస్ తరలింపు గురించి ఓపికగా వివరించిన సెషన్‌కు నాలుగు కూడా రాకపోవచ్చు. మీలాంటి సాంకేతిక విద్యార్థికి రెండోదే ఎక్కువ ఉపయోగం.

అందుకే పోస్టులకన్నా ముందు సదస్సు కార్యక్రమ పట్టికను చదవండి. అది ఉచితంగానే అందుబాటులో ఉంటుంది, సెషన్ల సంక్షిప్త వివరణలూ అందులో ఉంటాయి. మీరు ప్రస్తుతం చేస్తున్న పనికి దగ్గరగా ఉన్న రెండు మూడు సెషన్లను ఎంచుకొని, మిగిలినవాటిని నిర్దాక్షిణ్యంగా పక్కన పెట్టండి. ఆ తరువాత ఆ సెషన్ పేరుతో, వక్త పేరుతో వెతికి, స్లైడ్ల లింకు దొరికితే వాటిని మొదటి నుంచి చివరిదాకా చూడండి. ఆ పైన శ్రోతల పోస్టులు చదివితే, వక్త స్లైడ్‌లో రాయకుండా నోటితో చెప్పినవి, సభలో లేచిన ప్రశ్నలు మీకు విడిగా కనబడతాయి. శ్రోతలు అందించగల అసలైన అదనపు విలువ అదే.

ఇదంతా చేతల్లో ఎలా ఉంటుందో ఒక ఉదాహరణతో చూద్దాం. ‘పీడీఎఫ్‌లు పెట్టడం మానేసి వెబ్ పేజీలు రాయండి’ అన్న మాట సౌలభ్యత (వైకల్యం ఉన్నవారూ వాడగలిగేలా సైట్‌ను తయారుచేయడం) గురించిన సెషన్ల నుంచి తరచుగా పోస్టుగా వస్తుంటుంది. దాన్ని లైక్ చేసి ముందుకు వెళితే అక్కడితో సరి. అలా కాకుండా మీ విభాగం సైట్‌లోని ఒక పీడీఎఫ్‌ను, ఉదాహరణకు స్కాలర్‌షిప్ నిబంధనల పత్రాన్ని, తెరిచి అందులోని వాక్యాన్ని మౌస్‌తో ఎంపిక చేయడానికి ప్రయత్నించండి. అక్షరాలు ఎంపిక కాకపోతే అది బహుశా స్కాన్ చేసిన బొమ్మ. అక్షర గుర్తింపు చేయని అలాంటి పత్రంలో తెర మీది పాఠ్యాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాడే అంధ విద్యార్థికి చదవడానికి ఏమీ ఉండదు. ఆ పత్రంలోని సమాచారాన్ని సరైన శీర్షికలతో ఒక వెబ్ పేజీగా రాయండి. మౌస్‌ను పక్కన పెట్టి ట్యాబ్ మీటతో మాత్రమే ఆ పేజీలోని లింకులన్నింటికీ వెళ్లగలుగుతున్నారా, ఏ లింకు మీద ఉన్నారో కంటికి తెలుస్తోందా చూడండి. అక్షరాలకూ నేపథ్యానికీ మధ్య రంగుల వ్యత్యాసాన్ని కొలవండి: వెబ్ సౌలభ్యతకు అంతర్జాతీయ మార్గదర్శకాలైన డబ్ల్యుసీఏజీ ప్రమాణాల ఏఏ (మధ్య) స్థాయికి సాధారణ పరిమాణంలోని అక్షరాలకు కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకు 3:1 ఉండాలి. ముందు ఎలా ఉండేది, తరువాత ఎలా ఉంది అన్నది ఒక పేజీలో రాసి పెట్టుకోండి. ఒక పోస్టు నుంచి ఈ పని పుట్టినప్పుడే దాన్ని నేర్చుకోవడం అనాలి. (సౌలభ్యత గురించి చెబుతూనే, చిత్రంలో ఏముందో మాటల్లో చెప్పే ప్రత్యామ్నాయ పాఠ్యం రాయకుండా స్లైడ్ ఫొటో పెట్టేవారు మీకు తారసపడతారు, మీరు పోస్టు చేసేటప్పుడు ఆ పని చేయకండి.)

పాత సదస్సుల పోస్టులు కూడా పనికివస్తాయి, తేదీ చూసుకుంటే చాలు. గూగుల్ తన పాత సైట్ సందర్శనల గణాంక సేవ అయిన యూనివర్సల్ అనలిటిక్స్ సాధారణ ఖాతాల్లో కొత్త డేటా స్వీకరించడం 2023 జూలై 1తో ఆపేసింది కనుక, అంతకు ముందరి సెషన్లలో చూపిన నివేదికలు, మెనూలు మీకు ఇప్పుడు కనబడవు. డబ్ల్యుసీఏజీ 2.2 ప్రమాణం 2023 అక్టోబరులో వచ్చింది. అమెరికా న్యాయశాఖ 2024 ఏప్రిల్‌లో ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకూ వర్తించేలా జారీ చేసిన వెబ్ సౌలభ్యత నియమం మాత్రం 2.1 ఏఏ స్థాయిని ప్రమాణంగా తీసుకుంది. ఇలాంటి చట్టపరమైన వివరాలను, ముఖ్యంగా గడువు తేదీలను, పోస్టు చూసి నమ్మకుండా మూల పత్రంలోనే సరిచూసుకోవాలి. దొరికిన మంచి పోస్టులను వేదిక మీదే దాచుకొని ధీమాగా ఉండడం కూడా ప్రమాదమే. పోస్టులను ఏర్చికూర్చి సదస్సు కథనాలుగా మలచే స్టోరిఫై సేవ 2018 మే నెలలో మూతపడింది. ట్విట్టర్ 2023లో ఎక్స్‌గా మారింది. ఆ వెబ్ నిపుణుల సంభాషణ లింక్డ్‌ఇన్, మాస్టడాన్, బ్లూస్కైల మధ్య చెల్లాచెదురైంది. కాబట్టి సారాంశాన్ని మీ మాటల్లో, లింకుతోనూ తేదీతోనూ కలిపి, మీ సొంత ఫైల్‌లో రాసుకోండి.

వక్తలను నేరుగా ప్రశ్నించడానికి సంకోచించకండి. సదస్సు జరుగుతున్న రోజుల్లో వారికి ఊపిరి సలపదు. ఒక వారం ఆగి అడగండి. ‘మీ ప్రసంగం చాలా బాగుంది, మార్గదర్శనం చేయండి’ అన్న సందేశానికి జవాబు రావడం అరుదు. ‘మీ స్లైడ్లలో చూపిన విధంగా మా స్కాలర్‌షిప్ పేజీని మార్చాను, కానీ ఏటా మారే పట్టికను ఎవరు నవీకరించాలన్న దగ్గర ఆగిపోయాం, మీ దగ్గర ఆ బాధ్యత ఎవరిది?’ అని అడిగితే జవాబు వచ్చే అవకాశం చాలా ఎక్కువ. ఎందుకంటే అది వారికీ తలనొప్పిగా ఉన్న ప్రశ్నే అయి ఉంటుంది.

రెజ్యూమే విషయంలో నా అభిప్రాయం స్పష్టం. హ్యాష్‌ట్యాగ్‌ను అనుసరించినంత మాత్రాన ‘సదస్సులో పాల్గొన్నాను’ అని రాయకూడదు. అది అబద్ధం, పైగా రంగం చిన్నది కనుక ఇంటర్వ్యూ చేసేవారు ఆ సదస్సులోనే ఉండి ఉండవచ్చు. ‘స్కాన్ చేసిన పత్రాలను డబ్ల్యుసీఏజీ 2.1 ఏఏ ప్రమాణాలకు తగిన వెబ్ పేజీలుగా మార్చాను’ అన్న వాక్యం, దాని కింద ముందు, తరువాతి పేజీల లింకు ఉంటే చాలు. ఆ ఆలోచన ఎక్కడిదని అడిగితే ఫలానా సదస్సులోని ఫలానా సెషన్ స్లైడ్ల నుంచి తీసుకున్నానని చెప్పండి. నిజాయితీగానూ ఉంటుంది, మీరు రంగాన్ని గమనిస్తున్నారనీ తెలుస్తుంది. కంప్యూటర్ సైన్స్ విద్యార్థులు చాలామంది పట్టించుకోని సౌలభ్యత పరీక్షలు, కంటెంట్ వ్యూహం, వెబ్ అనలిటిక్స్ వంటి పనులు విశ్వవిద్యాలయాలకే పరిమితమైనవి కావు. అందువల్ల ఈ అనుభవం వేరే ఉద్యోగాలకు వెళ్లినా వృథా పోదు.

సొంత డబ్బు పెట్టుకొని వెళ్లడం మాత్రం ఇప్పుడే వద్దు. రిజిస్ట్రేషన్, ప్రయాణం, బస కలిపితే విద్యార్థికి అది పెద్ద ఖర్చు. ముందుగా మీ పర్యవేక్షకులను రెండు విషయాలు అడగండి: సదస్సు రికార్డింగులు చూసే అవకాశం మీ విభాగానికి ఉందా, ఆన్‌లైన్‌లో హాజరయ్యే వీలుంటే విద్యార్థి ఉద్యోగి రుసుమును విభాగం భరిస్తుందా. అడిగేటప్పుడు మీరు మార్చిన పేజీని వెంట తీసుకువెళ్లండి. సీనియర్లు తిరిగి వచ్చాక వారితో అరగంట కూర్చునే సమయం కూడా అప్పుడే ఖరారు చేసుకోండి; మీరు ఎంచుకున్న సెషన్ల గురించి పోస్టుల్లో దొరకని సంగతులు అడగడానికి వారికన్నా దగ్గరివారు మీకు లేరు.