నడిసముద్రంలో రేవు ఎక్కడిది?

సందేహం: తుపానులో చిక్కిన ఓడ గురించి ఒక అనువాద వ్యాసంలో ‘ఓడ రేవు వైపు ఒరిగిపోయింది’ అని చదివాను. చుట్టుపక్కల ఎక్కడా ఒడ్డే లేదని ఆ పై వాక్యంలోనే ఉంది. మరి ఏ రేవు మాస్టారూ, మా గోపాల్‌పూరా, రంగూనా? – బరంపురం నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: ఏ రేవూ కాదమ్మా, ఎడమ పక్క. ఓడవాళ్ల ఇంగ్లీషులో ‘పోర్ట్’ అంటే రేవు ఒక్కటే కాదు, ఓడలో ముందు కొస వైపు తిరిగి నిలబడితే ఎడమచేతి పక్క కూడా. కుడి పక్క ‘స్టార్‌బోర్డ్’. వెనకటి ఐరోపా ఓడలకి చుక్కాని తెడ్డు కుడి పక్కన ఉండేది, ఆ పక్క రేవుకి ఆనిస్తే తెడ్డు విరుగుతుంది గనక ఎడమ పక్కే ఆనించేవారు, ఆ పేరు అలా వచ్చింది. అంతకుముందు ఎడమని ‘లార్‌బోర్డ్’ అనేవారు. హోరుగాలిలో కేకేస్తే ఇదీ స్టార్‌బోర్డూ ఒకేలా వినపడతాయి, చుక్కాని పట్టినవాడికి టెన్షన్! 1844లో బ్రిటిష్ నౌకాదళం ఆ మాట మానిపించి పోర్ట్ అనమంది. మన అనువాదకుడు నిఘంటువులో మొదటి అర్థం చూసి ఊరుకున్నట్టున్నాడు.

‘ఎడమకి ఒరిగింది’ అంటే సరిపోయేది. కాకపోతే ఎవరి ఎడమ అన్న పేచీ ఒకటుంది, ఓడ వెనక్కి తిరిగి నిలబడ్డవాడి ఎడమ ఓడకి కుడి అవుతుంది కదా. మనిషి ఎటు తిరిగినా మారని మాట కావాలి. అది మనకి సముద్రంలో కాదు, పొలంలో దొరుకుతుంది: దాపల, వలపల. కాడికి ఎడమన కట్టింది దాపటెద్దు, కుడిన కట్టింది వలపటెద్దు, మీరు ఎదురుగా నిలబడి చూసినా దాపటిది దాపటిదే. అక్షరానికి కుడి పక్కన పెట్టే గిలకని వలపలగిలక అనేదీ అందుకే. (ఈ ‘వల’కీ చేపల వలకీ సంబంధం లేదు. ఒడియాలో కుడిని డాహాణ అంటారు గదా, ఆ పోలికతో దాపలని కుడి అనుకునేరు!) ‘ఓడ దాపలకి ఒరిగింది’ అంటే నాకైతే బాగానే ఉంది, మొదటిసారి వాడినచోట ‘ఎడమకి’ అని పక్కన చెబితే చాలు.

అన్నట్టు ‘గంటకి పది నాట్లు’ అని కూడా రాస్తుంటారు. నాట్ అంటేనే గంటకి ఒక నాటికల్ మైలు, అంటే 1852 మీటర్లు, మళ్లీ గంట ఎందుకు? పైగా మన వైపు నాట్లంటే వరినాట్లే గుర్తొస్తాయి.

ఈసారి గోపాల్‌పూర్ వెళ్లినప్పుడు చీకటిపడ్డాక కాసేపు ఒడ్డున ఆగి చూడండి. ఓడకి దాపల ఎర్రదీపం, వలపల పచ్చదీపం ఉంటాయి. ఒడ్డు వెంబడి పోయే ఓడది ఎర్రదీపం కనపడితే అది పారాదీప్ వైపు, పచ్చది కనపడితే మన విశాఖ వైపు.