కాక్‌పిట్ తలుపు మీద కథ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ కథ చదివాను. వాక్యంలో పరుగు ఉంది. సీటు బెల్టు పెట్టుకోవడం రాక పక్కావిడ వైపు బిక్కమొహం వేసి చూసే ఆ పెద్దాయన కళ్లకు కట్టాడు. కానీ నీ హైజాకర్ లేచి వెళ్లి రెండు తన్నులు తన్నగానే కాక్‌పిట్ తలుపు ఊడి పడింది చూడు, నేను అక్కడ ఆగిపోయాను. నువ్వు రాస్తున్నది ఇవాళ్టి విమానం గురించి. దాని తలుపు అలా ఊడదు.

2001కి ముందైతే నువ్వు రాసింది జరిగేదే. అప్పటి తలుపు పల్చటిది. తాళం ఉన్నా గట్టిగా భుజంతో తోస్తే వచ్చేసేది. 2000 డిసెంబరు 29న లండన్ గాట్విక్ నుంచి నైరోబీ వెళ్తున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747లో ఒక ప్రయాణికుడు ఉన్నట్టుండి కాక్‌పిట్‌లోకి చొరబడి కంట్రోల్స్ పట్టుకున్నాడు. అతని మానసిక స్థితి బాగాలేదు. విమానం ఒక్కసారిగా కిందికి జారింది. విశ్రాంతికి వెళ్లిన కెప్టెన్ పరుగున వచ్చి, అందరూ కలిసి అతన్ని లాగి పడేస్తే గానీ వందలాది ప్రాణాలు దక్కలేదు. అంతకు ఏడాది ముందు, 1999 డిసెంబరు 24న, ఖాట్మండు నుంచి ఢిల్లీ వస్తున్న మన ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానం ఐసీ 814లో కూడా హైజాకర్లు నేరుగా కెప్టెన్ దేవీ శరణ్ వెనకే నిలబడగలిగారు. అమృత్‌సర్, లాహోర్, దుబాయ్, చివరికి కాందహార్. హైజాక్ కథే రాయాలని నీకు గట్టిగా ఉంటే దాన్ని ఆ కాలానికి తీసుకెళ్లు. ఆ తలుపు, ఆ భయం అప్పటివి.

అప్పట్లో పైలట్లకు నేర్పింది కూడా వేరు. హైజాకర్‌ని రెచ్చగొట్టొద్దు, అడిగిన చోటికి తీసుకెళ్లు, దిగాక మాట్లాడుకుందాం అనేవాళ్లు. హైజాకర్‌కి కూడా బతకాలనే ఉంటుందని, విమానం నడపడం అతనికి రాదని నమ్మకం. 2001 సెప్టెంబరు 11న ఆ రెండు నమ్మకాలూ ఒకే ఉదయం కూలిపోయాయి. 2003 ఏప్రిల్ కల్లా అమెరికాలో, అదే ఏడాది నవంబరు నుంచి అంతర్జాతీయ నియమాల ప్రకారం, పెద్ద ప్రయాణికుల విమానాలకు గట్టి తలుపు తప్పనిసరి అయింది. అమెరికా నిబంధన లెక్క చెబుతాను, పనికొస్తుంది. ఆ తలుపు 300 జూల్స్ దెబ్బకు తట్టుకోవాలి. హ్యాండిల్ పట్టుకుని 113 కిలోల బరువుతో లాగినా రాకూడదు. పిస్తోలు గుండు, గ్రెనేడ్ ముక్కలు దాన్ని దాటకూడదు. ఇక నీ హైజాకర్ తన్నులు ఏ మూలకి?

మరి కథ ఎక్కడుంది అంటావా? తలుపు తెరుచుకునే క్షణంలో ఉంది. ఎంత గట్టి తలుపైనా తెరవక తప్పదు కదా. పైలట్‌కి భోజనం అందాలి, టాయిలెట్‌కి వెళ్లాలి. ఆ కాసేపు ఏం జరుగుతుందో ఈసారి ముందు వరసల్లో సీటు దొరికితే గమనించు. లోపలి నుంచి ఇంటర్‌కమ్‌లో మాట వస్తుంది. క్యాబిన్ క్రూలో ఒకమ్మాయి కర్టెన్ లాగి దారికి అడ్డంగా నిలబడుతుంది, కొన్నిసార్లు భోజనాల ట్రాలీని అడ్డం పెడుతుంది. అప్పటిదాకా నవ్వుతూ నీళ్లిచ్చిన మనిషి మొహంలో నవ్వు ఉండదు. చూపంతా మన మీదే. పైలట్ బయటికి రాగానే చాలా ఎయిర్‌లైన్స్‌లో క్రూలో ఒకరు లోపలికి వెళ్తారు, తలుపు మూసుకుంటుంది. అంతే, కొన్ని సెకన్లు. నీ కథలో ఆ అమ్మాయికి ఒక్క డైలాగ్ కూడా లేదు. నాకు అది బాధనిపించింది.

ఆ కొన్ని సెకన్ల కోసం ఒకావిడ ఏళ్ల తరబడి పోరాడింది. ఆ సెప్టెంబరు 11న హైజాకర్లు న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ సౌత్ టవర్‌కి ఢీకొట్టించిన యునైటెడ్ 175 విమానం కెప్టెన్ విక్టర్ సారసిని భార్య, ఎలెన్ సారసిని. తలుపు తెరిచినప్పుడు ముందు ఇంకో అడ్డు ఉండాలని ఆమె అడుగుతూనే వచ్చింది. 2023లో అమెరికా దాన్ని నిబంధనగా తెచ్చింది. ఇకపై కొత్తగా తయారయ్యే విమానాల్లో, దూసుకొచ్చే మనిషిని కనీసం 5 సెకన్లు ఆపే అడ్డు ఉండాలి. ఆ 5 సెకన్లు రాయి, నీ రెండు తన్నులకన్నా ఎక్కువ టెన్షన్ పుడుతుంది.

ఇప్పుడు అసలు విషయం. ఈ తలుపు గురించి రాసే ఎవరైనా 2015 మార్చి 24 దగ్గర ఆగాల్సిందే. బార్సిలోనా నుంచి డ్యూసెల్‌డార్ఫ్ వెళ్తున్న జర్మనీ ఎయిర్‌లైన్ జర్మన్‌వింగ్స్ వాళ్ల ఏ320 విమానం. 38 వేల అడుగుల ఎత్తులో కెప్టెన్ బయటికి వెళ్లాడు. అర నిమిషం గడిచీ గడవకముందే లోపల మిగిలిన కో‌పైలట్ ఆటోపైలట్‌లో ఎత్తు 100 అడుగులకు మార్చాడు. విమానం ఏకధాటిగా పది నిమిషాలు దిగింది. కాక్‌పిట్ రికార్డర్‌లో తలుపు బజర్ మోగింది, ఆ తర్వాత తట్టిన చప్పుడు, ఆ తర్వాత తలుపు పగలగొట్టబోతున్న దెబ్బలు. లోపల మాట లేదు, ఊపిరి తీసుకుంటున్న శబ్దం మాత్రం ఉంది. ఫ్రాన్స్ ఆల్ప్స్ కొండల్లో 150 మంది పోయారు. అందులో స్పెయిన్‌లో తోటి పిల్లలను కలిసి హాల్టెర్న్ అనే ఊరికి తిరిగి వస్తున్న 16 మంది స్కూలు పిల్లలున్నారు.

కంచే చేను మేయడం అంటే అదే. తలుపు తన పని తాను సరిగ్గా చేసింది, బయటి మనిషిని లోపలికి రానివ్వలేదు. ఆ బయటి మనిషి కెప్టెన్. ఇది జరిగిన మూడు రోజులకే కాక్‌పిట్‌లో ఎప్పుడూ ఇద్దరుండాలని యూరప్‌లో సిఫార్సు వచ్చింది. మరుసటి ఏడాదే దాన్ని సడలించి, నిర్ణయాన్ని ఎయిర్‌లైన్స్‌కి వదిలేశారు. ఇద్దరుంటే మంచిదేగా అని నీకు అనిపించొచ్చు. కానీ మనిషి మారినప్పుడల్లా తలుపు ఇంకాసేపు తెరిచి ఉంటుందని పైలట్ల వైపు నుంచే అభ్యంతరం వచ్చింది. రెండు వైపులా న్యాయం ఉంది. ఇలాంటి చోటే రచయితకు పని.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నా. ఆ కో‌పైలట్ మానసిక అనారోగ్యాన్ని ఆధారం చేసుకుని విలన్‌ని తయారు చేయకు. డాక్టర్ దగ్గరికి వెళ్తే ఉద్యోగం పోతుందేమోనని దాచుకునే పైలట్లు నిజంగా ఉన్నారు. అలాంటివాడు నీ కథ చదివితే ఇంకా లోపలికి ముడుచుకుపోకూడదు. తలుపు తాళం పనిచేసే తీరు, కోడ్‌లూ స్విచ్‌లూ ఎక్కడెక్కడో తవ్వి తెచ్చి పేజీ నింపావు, అదీ తీసెయ్. పాఠకుడికి దాంతో పనిలేదు. పని ఉన్నవాడికి మనం ఇవ్వకూడదు.

ఇంకోటి, చొరబడేవాడంటే దుర్మార్గుడే కానక్కర్లేదు. 2025 సెప్టెంబరులో బెంగళూరు నుంచి వారణాసి వెళ్లే విమానంలో ఒక ప్రయాణికుడు టాయిలెట్ వెతుక్కుంటూ కాక్‌పిట్ దగ్గరికి వెళ్లాడని ఎయిర్‌లైన్ చెప్పింది. లోపలున్న కెప్టెన్‌కి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? తలుపు తీయలేదు. దిగాక పోలీసులు వచ్చారు.

నీ పెద్దాయన ఉన్నాడు కదా, బెల్టు పెట్టుకోవడం రానివాడు. హైజాకర్‌ని పక్కన పెట్టి ఆయన్ని లేపు. ముందుకు నడిపించు. ట్రాలీ పక్కన ఆ అమ్మాయి నిలబడి ఉంటుంది, వెనక తలుపు ఇంకా పూర్తిగా మూసుకోలేదు. ఆమెకు హిందీ, ఇంగ్లిషు వచ్చు, ఆయనకు తెలుగు తప్ప రాదు. అక్కణ్నుంచి మళ్లీ రాసి నాకు పంపు. వచ్చే నెల మొదటి వారంలో ఊళ్లోనే ఉంటాను, కూర్చుని చూద్దాం.

ప్రేమతో,
అన్న