ములుగు భూకంపం బెజవాడ దాకా, ఎట్నా భూకంపం నాలుగు ఊళ్ల దాకా

ప్రశ్న: 2024 డిసెంబరు 4న ములుగు దగ్గర వచ్చిన 5.3 తీవ్రత భూకంపానికి పటమటలోని మా ఇంట్లో సీలింగు ఫ్యాను ఊగింది గానీ, మా వీధిలో ఒక్క గోడ కూడా బీటవారలేదు. ఇటలీలో ఎట్నా అగ్నిపర్వతం వాలుపై 2018 డిసెంబరు 26న వచ్చిన భూకంపం తీవ్రత 4.9 మాత్రమే అయినా, ఫ్లేరి గ్రామంలో ఇళ్లు దెబ్బతిన్నాయని చదివాను. ఇలాంటి తేడాను కంప్యూటరులో ముందే లెక్కగట్టగలరా?
— ఇంజినీరింగ్ విద్యార్థి, విజయవాడ

జవాబు: గట్టగలరు, అయితే ఒకచోటి విలువలను మరోచోటికి అరువు తెచ్చుకోకూడదు. ఎట్నా భూకంపం ఒక కిలోమీటరు లోతు కూడా లేనిచోట పుట్టింది కనుక భ్రంశం (నేల పగిలి జారిన చీలిక) పక్కనున్న ఊళ్లకు దెబ్బ గట్టిగా తగిలింది. ములుగు భూకంపం 40 కిలోమీటర్ల లోతున పుట్టినట్టు జాతీయ భూకంప కేంద్రం ప్రకటించింది. లోతుతోపాటు రాయి సంగతి కూడా చూడాలి. మన ప్రాంతపు ప్రాచీన శిలలు గట్టివి కావడంతో తరంగాలు సుమారు 200 కిలోమీటర్లు వచ్చినా పూర్తిగా నీరసించలేదు. ఎట్నా అడుగున లావా, బూడిద, పగుళ్లు, వేడి ద్రవాలు కలగాపులగంగా ఉండి తరంగాలను చెదరగొట్టి మింగేస్తాయి, అందులోనూ వేగంగా కంపించేవి ముందుగా అణగిపోతాయి. దీన్ని ‘క్యూ’ విలువతో కొలుస్తారు. అది ఎంత తక్కువైతే శక్తి అంత త్వరగా హరించుకుపోతుంది.

ఇలాంటి లెక్కకు బాగా వాడుకలో ఉన్నది భూకంప శాస్త్రవేత్త డేవిడ్ బూర్ 1983లో వివరించిన యాదృచ్ఛిక పద్ధతి. స్టేషను దొరకని రేడియో గరగరలాంటి సంకేతాన్ని కంప్యూటరు ముందుగా పుట్టిస్తుంది. దాన్ని భూకంపం ఎంతసేపుంటుందో అంతకు కుదించి, భూకంప మూలం, తరంగాలు నడిచిన దారి, ఇంటి కింది నేల అనే మూడింటి లెక్క ప్రకారం పౌనఃపున్యాల (సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తాయన్న లెక్క) బలాబలాలను సవరించి, తిరిగి నేల కదలికగా మారుస్తారు. పెద్ద భ్రంశమైతే గడులుగా విడగొట్టి, పగులు ఒక్కో గడిని చేరే సమయాన్నిబట్టి వాటి కదలికలను కలుపుతారు. ఆ ఫలితాన్ని యంత్రాలు నమోదు చేసిన అసలు కదలికతో పోల్చి చూడందే నమ్మరు.

చిక్కంతా మూడోదైన నేలతోనేనని నా అభిప్రాయం. లోతుకు పోయేకొద్దీ నేల గట్టిపడుతుందని మామూలుగా అనుకుంటాం. ఎట్నా వాలుపై కొన్నిచోట్ల పైన గట్టి లావా, దాని కింద వదులు బూడిద ఉంటాయి. పై 30 మీటర్ల సగటు తరంగవేగం ఒక్కటే చూసి లెక్కవేస్తే ఆ తలకిందుల వరుస కనిపించనే కనిపించదు. ఇక మీ పటమట ఉన్నది కృష్ణ ఒండ్రుపై కాబట్టి, ఇంద్రకీలాద్రి రాతికి వేసిన లెక్క అక్కడ చెల్లదు. మీ అపార్ట్‌మెంటు కట్టేముందు మట్టి పరీక్షకు బోరు వేసి ఉంటే, ఏ పొర ఎంత లోతున ఉందో ఆ నివేదికలోనే దొరుకుతుంది, మీ లెక్కను అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.